ఎత్తిన చేతులు

రేవులో బోర్డు పెట్టిన సంగతి ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు. స్కూటరు దిగి హెల్మెట్ తీస్తుండగానే ఏదో జరిగిందని అర్థమైంది. ఎప్పుడూ ఎవరి పనిలో వాళ్ళుండే రేవు ఆ పొద్దున మొత్తం ఒకవైపు తిరిగి నిలబడి ఉంది. ఐసు గంపలు మోసే మనిషి గంప దించడం కూడా మరిచిపోయి చూస్తున్నాడు. వలలు ఆరేసే కర్రల పక్కన, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న చోట, రెండు ఇనప స్తంభాల మధ్య పెద్ద ఫ్లెక్సీ బిగించి ఉంది. గాలికి పొట్ట ఉబ్బించి, మళ్ళీ లోపలికి పీల్చుకుంటోంది.

"రండి మేడం, రండి," అన్నాడు సంఘం ప్రెసిడెంటు. ఎండైనా వానైనా, రెండూ లేకపోయినా చంకలో గొడుగుతోనే తిరుగుతాడని ఆయన్ని రేవంతా గొడుగాయన అంటారు. "మీకోసమే చూస్తున్నాం. మేమెంత మంచివాళ్ళమో ఇప్పుడే చదువుకున్నాం."

ఫ్లెక్సీ పైన మీసాల నీటికుక్క బొమ్మ, నవ్వుతున్నట్టుగా. దాని కింద లావుపాటి అక్షరాలు: "నీటికుక్కలు మా నేస్తాలు. వాగుమూలలో ఇక వల వేయం. ఇది మా అందరి మాట." ఆ కింద ఫొటో. ఐసు షెడ్డులో బల్లల మీద కూర్చున్న రేవు జనమంతా చేతులు పైకెత్తి ఉన్నారు. ముందు వరసలో వలలక్క. అందరికంటే ఆమె చెయ్యే పైకి ఉంది. గొడుగాయన చెయ్యికి బదులు గొడుగెత్తాడు.

ఆ ఫొటో తీసింది తనే. పోయిన మీటింగులో, "ఈ ఏడు నీటికుక్కలు ఎవరెవరి వలలు చింపాయో చేతులెత్తండి" అని అడిగి, ఒక్క చెయ్యి కూడా తప్పిపోకుండా బల్ల ఎక్కి మరీ తీసింది. నష్టం ఎంతుందో సిటీలో కూర్చున్నవాళ్ళకు కళ్ళకు కడదామనుకుంది. బాగానే కట్టింది.

"ఇది నేను రాయలేదు," అంది. తన గొంతు తనకే పేలవంగా వినిపించింది.

 గొడుగాయన గొడుగును ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

వలలక్క ఆ గుంపులో లేదు. పడవ నీడలో కూర్చుని, పాత వల ఒక కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని, సూదితో కన్నుకు కన్ను ముడివేస్తోంది. రేవులో ఎవరి వల చిరిగినా బాగుచేసేది ఆమే. తన వలలు మాత్రం వాగుమూలలో వేసుకుంటుంది. కొండల్లోంచి వచ్చే వాగు డ్యాము నీళ్ళలో కలిసే చోటది. తుంగ దట్టంగా పెరిగి, చేపలు గుంపులుగా చేరతాయి. చేపల వెనకే నీటికుక్కలు. ఆ తుంగలోనే అవి పిల్లలు పెట్టాయి.

"అక్కా," అంటూ ఆమె పక్కన చతికిలబడింది.

వలలక్క తలెత్తలేదు. "నేనేమని చెయ్యెత్తాను మేడం?"

"వల చిరిగిందని."

"మరి అక్కడేమని రాశారు?"

"అది సిటీ ఆఫీసువాళ్ళు..."

"ఫొటో తీసింది మీరేగా?" సూది పళ్ళమధ్య పెట్టుకుని దారం బిగించింది. సూది తీశాక మళ్ళీ అంది. "తెల్లారి ఫారెస్టు గార్డులొచ్చి నా వలలన్నీ లాక్కుపోయారు. కొత్త వలలు మేడం. మొన్ననే దించాను నీళ్ళలోకి. ఏ తప్పు చేశానయ్యా అంటే, నన్ను తీసుకొచ్చి ఈ బోర్డు ముందు నిలబెట్టారు. 'ఈ చెయ్యి నీదేనా కాదా' అన్నాడొకడు. నాదే అన్నాను. ఏమంటాను మరి?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరిమీద మండాలో తేల్చుకోలేక ఇంకా మండింది. నీటికుక్కల్ని కాపాడే సంస్థ తరఫున రెండేళ్ళుగా కాళ్ళకు బలపాలు కట్టుకుని ఈ రేవు చుట్టూ తిరిగితే, కుక్కల మేడం అని వెనక నవ్వుకున్నవాళ్ళు ఈమధ్యే మొహమ్మీద నవ్వడం మొదలుపెట్టారు. అదే పెద్ద ప్రగతి అని రిపోర్టులో రాయలేక, లోలోపల సంబరపడింది. ఆ సంబరమంతా ఇప్పుడు రెండు స్తంభాల మధ్య ఉబ్బుతూ, నలుగుతూ వేలాడుతోంది.

"నేను మాట్లాడతాను అక్కా. ఇవాళే."

"మీరు మాట్లాడతానే ఉన్నారు మేడం," అంది వలలక్క.

*

ఫోన్ ఎత్తిన సంస్థ డైరెక్టరు కార్లో ఉన్నట్టున్నాడు. హారన్ల మధ్యలోంచి గొంతు వచ్చింది.

"చూశారా బోర్డు? ప్రింటింగ్ చాలా బాగా వచ్చిందన్నారు."

"సార్, వాళ్ళు ఒప్పుకోలేదు సార్. ఆ చేతులెత్తింది వేరే దానికి. ఫొటో కింద నేను వివరంగా రాసి పంపాను."

"మీరు పెద్ద పెద్ద మెసేజులు పెడతారండీ. కమ్యూనికేషన్స్‌వాళ్ళు ఫొటో చూశారు. ఫొటోలో ఏముంది? కమ్యూనిటీ సపోర్ట్ ఉంది."

"వలలు చిరిగాయని ఉంది సార్."

"ఒప్పుకుంటారులెండి. ఇదంతా ఒక ప్రాసెస్."

"ముందు బోర్డు, తరవాత ఒప్పుకోవడమా సార్?"

 డైరెక్టరు, చిన్నపిల్లకు లెక్క నేర్పుతున్నంత ఓపికగా చెప్పాడు. ఎల్లుండి నిధులిచ్చేవాళ్ళు వస్తున్నారు. ఈ ఒక్క సైటూ చూసి వచ్చే మూడేళ్ళకు తేలుస్తారు. ఇప్పుడు ఇది కాదు అది కాదు అంటే నీటికుక్కలూ ఉండవు, సంస్థా ఉండదు, తామిద్దరూ ఉండరు.

"మరి వలలు తీసుకుపోయారు సార్. ఆమె బతుకే అది."

"అది డిపార్ట్‌మెంటువాళ్ళ విషయం. మనం లా అండ్ ఆర్డర్‌లోకి వెళ్ళొద్దు. అన్నట్టు, ఆ రోజు ఓ యాభైమందైనా ఉండేలా చూడండి. ఆడవాళ్ళు ఎక్కువుంటే బాగుంటుంది."

ఫోన్ పెట్టేశాక ఆమె స్కూటరు సీటు మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. ఎండకు కాలిన సీటు తగిలి చెయ్యి చురుక్కుమంది. ఆ చేత్తోనే కిక్కు కొట్టింది.

*

రేంజి ఆఫీసు వెనక, తుప్పు పట్టిన సైకిళ్ళ పక్కన వలలు కుప్పగా పడున్నాయి. చిక్కుకున్న చేపల్ని తియ్యకుండానే తెచ్చి పారేసినట్టున్నారు. వాసన వరండా దాకా కొడుతోంది. ఈగలు ముసురుతున్నాయి. ఒక పిల్లి కుప్ప మీద కూర్చుని తీరిగ్గా ఎంచుకుని తింటోంది.

రేంజరు చెడ్డవాడు కాదు. అదే ఇంకా చిరాకు. చెడ్డవాడైతే అరవొచ్చు. ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, మంచినీళ్ళిమ్మని కేకేశాడు, వచ్చేదాకా వలల మాట ఎత్తలేదు.

"మీ డైరెక్టరుగారే రాశారమ్మా, సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుందని. పిల్లలు పెట్టే కాలం కదా, సహకరించండి అన్నారు. నేను సహకరించాను."

"వాళ్ళు ఒప్పుకోలేదు సార్. ఆ మీటింగు పెట్టింది నేనే."

"ఒప్పుకోలేదని మీ సంస్థ చెబితే ఈ నిమిషంలో ఇచ్చేస్తాను. నాకేమైనా ఆ వలలు ముద్దా? కంపు భరించలేక చస్తున్నాం."

"నేను రాసిస్తాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు రాసిస్తే చెల్లుతుంది. ఆ మీటింగులో ఉన్నది మీరు. కానీ మీ డైరెక్టరుగారు అబద్ధం రాశారని మీరు రాసినట్టవుతుంది. అది ఇక్కడితో ఆగదు. ఒకసారి ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. తొందరేం లేదు."

తొందర లేదన్న మాట వినగానే ఆమెలో ఏదో సడలింది. అలా సడలినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. బల్ల మీద పెన్నుంది, కాగితాలున్నాయి. గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగింది. "రేపొస్తాను సార్," అంది.

గేటు బయట మెట్టు మీద వలలక్క కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎలా వచ్చిందో. రేవు నుంచి ఇక్కడికి బస్సు కూడా సరిగ్గా లేదు. చీర కుచ్చిళ్ళు దుమ్ము కొట్టుకుపోయాయి.

"ఇచ్చారా?"

"రేపు అక్కా."

"రేపంటే?"

ఆమె స్కూటరు స్టార్టు చేసి, "ఎక్కు, రేవులో దింపుతాను" అంది.

"నడుస్తాను మేడం. అలవాటే." వలలక్క రోడ్డు వారగా నడిచి వెళ్ళిపోయింది. ఆమె స్కూటరు మెల్లగా పోనిచ్చి వలలక్కను దాటలేక, వెనకే పోనీలేక, చివరికి మలుపు తిరిగి చుట్టు దారిలో ఇంటికి వెళ్ళింది.

*

మేడ మీద రెండు గదుల వాటా. మెట్ల మీదే భర్త ఎదురయ్యాడు. కోల్డ్ స్టోరేజీలో అతనిది సాయంత్రం షిఫ్టు. వాళ్ళిద్దరి కాపురంలో సగం ఈ మెట్ల మీదే జరుగుతుంది.

"మొహం అలా ఉందేంటి?"

"తరవాత చెప్తా."

"నాన్నకు చెప్పు. నాకంటే బాగా వింటాడు," అంటూ టిఫిను డబ్బా ఊపుకుంటూ దిగిపోయాడు.

మామయ్య వంటగదిలో టీ పెడుతున్నాడు. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి. ఇప్పటికీ స్టవ్వు ముందు నిలబడితే కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టే పెడతాడు. కోడలు రాగానే తిరిగి చూడకుండా అడిగాడు. "ఇవాళ ఎవరు కరిచారమ్మా? నీటివా, నేలవా?"

ఆమె నవ్వలేదు. చెప్పులు విడవకుండానే వంటగది గడప మీద కూర్చుని అంతా చెప్పింది. బోర్డు, చేతులు, గొడుగు, వలల కుప్ప, పిల్లి. చెబుతున్నకొద్దీ కోపం పెరిగింది. డైరెక్టర్ని తిట్టింది, కమ్యూనికేషన్స్‌వాళ్ళను తిట్టింది, ఎంతకీ తెమలని రేవు జనాన్నీ తిట్టింది. మీటింగుకు రమ్మంటే గంట ఆలస్యంగా వచ్చి, ముందున్న విషయం వదిలేసి ఐసు ధర గురించి కొట్లాడతారు. ఒక్కటంటే ఒక్క మాట మీద నిలబడరు. ఆఖరికి నీటికుక్కల్నీ తిట్టబోయి, ఆగింది.

మామయ్య టీ వడగట్టాడు. "నువ్వు రాసిస్తే ఉద్యోగం పోతుందా?"

"పోతుంది."

"రాయకపోతే?"

"ఉంటుంది. కానీ రేవులో మొహం ఎలా చూపించను?"

"రేవులో మొహం చూపించడమేగా నీ ఉద్యోగం?"

ఆమె తలెత్తి చూసింది.

"నన్నలా చూడకు. నేనేం చెప్పలేదు. రాయమనీ అనలేదు, మానమనీ అనలేదు. టీ చల్లారిపోతోంది అంటున్నా."

గ్లాసు చేతికిచ్చి ఆయన కూడా గడప పక్కనే నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. ఇద్దరూ టీ తాగారు.

*

నిధులిచ్చేవాళ్ళు వచ్చే రోజుకి షెడ్డులో కుర్చీలు వేయించింది. ముందురోజంతా, రేంజి ఆఫీసుకు వెళ్ళకుండా, వేయించననే అనుకుంది. ఇంతా చేసి కుర్చీలు తనే తుడిచింది. చేపల వాసన రాకుండా నేల కడిగించమని డైరెక్టరు పొద్దున్నే మెసేజు పెట్టాడు. ఐసు షెడ్డులో చేపల వాసన రాకూడదట.

రెండు కార్లు వచ్చాయి. డైరెక్టరు దిగి, షెడ్డులోకి చూసి, బయటికి చూసి, మళ్ళీ షెడ్డులోకి చూశాడు. కుర్చీలన్నీ ఖాళీ. ఆ చివర గొడుగాయన ఒక్కడే, కూర్చోకుండా, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏరీ?" అన్నాడు డైరెక్టరు పెదాలు కదలకుండా.

"రాలేదు సార్."

"అందరికీ చెప్పారా?"

"చెప్పాను సార్. ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. వినడమైతే విన్నారు, రాలేదు."

వచ్చినవాళ్ళలో ముఖ్యమైన ఆవిడ పెద్దవయసుది. బురద అంటిన బూట్లతో చకచకా నడిచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది. "ఎంత బాగుందో. వీళ్ళందర్నీ కలవాలని ఉంది నాకు. ఎక్కడున్నారు?"

"ఈ టైములో వేటకెళ్తారండీ," అన్నాడు డైరెక్టరు. "పాపం, రోజుకూలీ బతుకులు."

 పొద్దుట నుంచీ, కాదు, నిన్నటి నుంచీ, కాదు, మెట్టు మీద వలలక్క లేచి నడిచి వెళ్ళినప్పటి నుంచీ ఆమె ఆపుకుంటున్న మాటే బయటికి వచ్చింది.

"వేటకు కాదండీ," అంది. "ఈ ముందు వరసలో ఉన్నామె వలలు రేంజి ఆఫీసులో ఉన్నాయి. ఈ బోర్డు చూపించి తీసుకుపోయారు. ఈ చేతులెత్తింది వల వెయ్యం అని కాదు. నీటికుక్కలు ఎవరి వలలు చింపాయని నేనడిగితే ఎత్తారు. వాగుమూల గురించి వీళ్ళను ఎవరూ అడగలేదు."

మాటలు అయిపోయాయి. ఇంకా చాలా ఉన్నాయనుకుంది గాని, అంతే.  డైరెక్టరు మెడ ఎర్రబడింది. గొడుగాయన స్తంభాన్ని వదిలి నిటారుగా నిలబడ్డాడు.

పెద్దావిడ ఆమె వంక చూసింది. మెల్లగా తలూపింది. ఒకసారి డైరెక్టరు వంక చూసింది. తరవాత నీళ్ళ వైపు తిరిగి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది. "మరి ఇప్పుడు వెళ్తే నీటికుక్కలు కనిపిస్తాయా?"

గొడుగాయన ఫక్కున నవ్వాడు. దాన్ని దగ్గు చేయబోయాడు గాని కుదరలేదు.

నీటికుక్కలు కనిపించలేదు. వాళ్ళు కాసేపు నీళ్ళను ఫొటోలు తీసుకుని కార్లెక్కారు. డైరెక్టరు కారు తలుపు పట్టుకుని, చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా, "రేపట్నుంచి మీరు ఫీల్డుకు రానక్కర్లేదు. మిగతాది ఆఫీసు నుంచి మీకు చెప్తారు" అన్నాడు. తలుపు మాత్రం గట్టిగా వేశాడు.

దుమ్ము అణిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. పెద్ద పెద్ద మాటలు చెప్పి, అన్నీ వదులుకుని, ఆఖరికి దక్కింది ఆ ప్రశ్న. స్కూటరెక్కి నేరుగా రేంజి ఆఫీసుకు వెళ్ళింది. కూర్చోమనేలోపే పెన్ను తీసుకుంది. రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. రేంజరు చదివి, ఒక అక్షరదోషం వేలితో చూపించాడు. దిద్దింది.

"తీసుకెళ్ళండమ్మా," అన్నాడు. "పిల్లిని లేపండి ముందు."

*

వలలు ఆటోలో వేసుకుని రేవుకు తెచ్చింది. వలలక్క ఒక కొస పట్టుకుంటే, ఆమె రెండో కొస పట్టుకుని ఇసకలో పరిచారు. నీళ్ళలో మునిగిన చెట్ల మొదళ్ళకు తట్టుకున్న చోట విప్పే ఓపికలేక గార్డులు బ్లేడుతో కోసేశారు. వలను నీటిమీద తేల్చే బెండ్లు సగం ఊడిపోయాయి. కుళ్ళిన చేపలు వలకే అతుక్కుపోయి, లాగితే దారంతో సహా వస్తున్నాయి. వలలక్క మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్కో కన్నూ వేళ్ళతో తడుముతూ ఆ చివరిదాకా వెళ్ళింది.

"సగం పోయినట్టే," అంది లేచి.

థాంక్స్ అనలేదు. తిట్టనూ లేదు. ఆమె, వలలక్క ఏదో ఒకటి అంటుందని ఎదురుచూసి, విసిగిపోయి, ఇంటికి వచ్చేసింది. స్నానం చేసినా చేతులకు ఆ వాసన పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మేడ మెట్ల మీద టకటకమని చప్పుడైంది. గొడుగాయన, గొడుగును కర్రలా ఊతం పెట్టుకుని ఎక్కుతున్నాడు. మామయ్య కుర్చీ వేశాడు. ఇద్దరు పెద్దవాళ్ళూ మోకాళ్ళ నొప్పుల గురించి సుదీర్ఘంగా మాట్లాడుకున్నారు. ఆమె తలుపు దగ్గర నిలబడి పళ్ళు బిగించుకుంది.

చివరికి గొడుగాయన లేచాడు. అప్పుడు, పోతూ పోతూ గుర్తొచ్చినట్టు, "రేపు సాయంత్రం షెడ్డులో మేం కూర్చుంటున్నాం. మీరు రండి" అన్నాడు.

"నాకిప్పుడు ఉద్యోగం లేదండీ."

"తెలుసు. అందుకే పిలుస్తున్నాం." రెండు మెట్లు దిగి ఆగాడు. "కానీ మీరు మాట్లాడొద్దు మేడం. ఏమనుకోకండి. మీరు మాట్లాడితే మాకు కొట్లాడుకోవడానికి టైముండదు."

*

కుర్చీలు లేవు. ఎవరి గంప వాళ్ళు బోర్లించుకుని కూర్చున్నారు. ఆమెకు వెనక గోడ దగ్గర ఒక గంప ఇచ్చారు. షెడ్డు కప్పుకి కొత్తగా ఏదో అతుకు పడిందని తలెత్తి చూస్తే, ఆ ఫ్లెక్సీయే. రేకులు చిల్లులు పడ్డ చోట కప్పి, తాళ్ళతో కట్టారు.

ఐసు ధరతో మొదలుపెట్టారు. ఆమె కళ్ళు మూసుకుంది. అక్కడి నుంచి పడవ కట్టే చోటు మీదికి పోయి, ఎవరి బావమరిదో ఎవర్నో అన్న మాట మీదికి పోయి, పొద్దు వాలుతుండగా ఎప్పుడు మళ్ళిందో తెలియకుండా వాగుమూల మీదికి మళ్ళింది. వదిలేద్దామని కొందరు. నీటికుక్కల మీద ప్రేమతో కాదు. అక్కడ పిల్ల ఒకటి వలలో పడి చస్తే ఈసారి వలలతో పోదు, మనుషుల్నీ తీసుకుపోతారని. వదిలితే మళ్ళీ మనది కాకుండా పోతుందని ఇంకొందరు. ఇవాళ వాగుమూల, రేపు తూము, ఎల్లుండి రేవు. ఒకడు లేచి గంపను తన్నాడు. ఇంకొకడు ఆ గంప తనదన్నాడు.

"వదిలేద్దాం, వదిలేద్దాం అంటున్నారు," వలలక్క లేచింది. "మీ నోళ్ళు మీవి. చోటెవరిది? నాది. నేనెక్కడికి పోను? మీ ఇళ్ళల్లో వెయ్యనా వలలు?"

 వెనక గోడ దగ్గర ఆమె కదిలింది. చెప్పాల్సినవి నాలుక చివరిదాకా వచ్చేశాయి. గొడుగాయన తిరిగి చూడకుండానే గొడుగు పైకెత్తి వద్దన్నట్టు ఊపాడు. ఆమె నోరు మూసుకుంది. మళ్ళీ చాలాసేపు అరుపులు. మధ్యలో ఒక్కసారి మాత్రం వలలక్క వెనక్కి తిరిగి, "ఆ పిల్లలు సొంతంగా ఎప్పటికి ఈదుతాయి మేడం?" అని అడిగింది.

"వానలు పడేసరికి," అంది ఆమె. ఇంకా చెప్పబోయింది. అప్పటికే వలలక్క అటు తిరిగిపోయింది.

చివరికి గొడుగాయన లేచి, గొంతు సవరించుకున్నాడు. తూము దగ్గర తను వల వేసే చోటు, వాగుమూలకు బదులు, వానలు పడేదాకా వలలక్క వాడుకోవచ్చన్నాడు. రేవులో అంతకంటే మంచి చోటు లేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం పన్ను పీకించుకుంటున్నవాడిలా ఉంది.

"ఇచ్చేస్తున్నాననుకోకు," అన్నాడు. "అరువు."

"అరువే," అంది వలలక్క. "నీ చోటు నాకెందుకు, నువ్వు బతికుండగా?"

అందరూ నవ్వారు. ఎవరూ చేతులెత్తలేదు, ఎవరూ దేని మీదా రాసుకోలేదు. లేచి, గంపలు దులుపుకుని ఇళ్ళకు పోయారు. ఇంతేనా, అయిపోయిందా, తేలినట్టేనా అని ఎవర్నడగాలో తెలియక ఆమె గంప మీద అలాగే కూర్చుంది. వలలక్క పోతూ ఆగింది.

"మా తోడికోడలికి జ్వరం. పడవలో రెండో మనిషి కావాలి. ఎలాగూ మీకు పనేం లేదుగా?"

*

తెలతెలవారుతుండగా తూము గోడ పక్కన పడవ ఆగింది. నీళ్ళ మీద పొగమంచు ఇంకా తెరలుగా ఉంది. ఆమెకు తెడ్డు వెయ్యడం రాలేదు. పడవ రెండుసార్లు గుండ్రంగా తిరిగింది. వలలక్క తెడ్డు తీసుకుని సరిచేసింది. ఇప్పుడు ముందువైపు వంగి బెండు అందుకుని వల లాగుతోంది. ఆమె వెనక కూర్చుని, లాగిన వలను పడవ అడుగున మడతలుగా సర్దుతోంది. తడి దారం వేళ్ళను కోస్తోంది. మొన్న రాత్రి ఈ వలకు ఇద్దరూ కలిసి అతుకులేసి, నిన్న సాయంత్రం ఇక్కడ దించారు. ఆమె వేసిన ముడులు వంకరటింకరగా, దూరానికే తెలిసిపోతున్నాయి.

మొదటి బారు వల బాగానే వచ్చింది. వెండిలా మెరుస్తూ మూడు నాలుగు చేపలు తోకలు కొట్టుకున్నాయి. వలలక్క ఒక్కోదాన్నీ మొప్పల దగ్గర పట్టుకుని, ఒక్క మెలికతో విడిపించి గంపలోకి విసిరింది. "గొడుగాయన చోటు చోటే," అంది. మొట్టమొదటిసారిగా ఆ గొంతులో కాస్త తృప్తి వినిపించింది.

రెండో బారు తేలిగ్గా వచ్చింది. మరీ తేలిగ్గా. చేప తల ఒక్కటి వేలాడుతోంది. దాని పక్కన చెయ్యి దూరేంత చిల్లు. ఆ తరవాత ఇంకొకటి, ఇంకా పెద్దది. మొన్న రాత్రి దీపం కింద, మెడ పట్టేసేలా కూర్చుని ఆమె వేసిన అతుకు ఉండాల్సిన చోట ఏమీ లేదు. తెగిన దారాలు నీళ్ళు కారుస్తూ వేలాడుతున్నాయి. అవతల తూము గోడ నీడలో నీళ్ళు బుడబుడమన్నాయి. మీసాల తల ఒకటి పైకి తేలి, వీళ్ళ వైపు ఒకసారి చూసి, చేపను రెండు చేతులా పట్టుకుని కరకరా నమిలింది.

ఆమె చేతిలోని వలను పడవ అడుగుకేసి కొట్టింది.

"థూ! దొంగముండా!" అని అరిచింది. గొంతు గోడకు తగిలి తిరిగి వచ్చింది. "నీ నోరు పడిపోను! రాత్రంతా కుట్టాను కదే! నీకింకెక్కడా దొరకలేదా తినడానికి?"

నీటికుక్క ఇంకో ముక్క కొరుక్కుని, తొందరేం లేకుండా మునిగిపోయింది.

పడవ ఊగుతోంది. ఆమె రొప్పుతూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వలలక్క వంక చూసింది. వలలక్క వల లాగడం ఆపేసి, పడవ ముందుభాగంలో వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. ఆమెను కిందినుంచి పైదాకా, కొత్తగా పడవెక్కిన మనిషిని చూసినట్టు చూసింది. భుజాలు కదిలాయి. ముందు చప్పుడు లేకుండా, తరవాత పడవ ఒరిగేంతగా, కళ్ళల్లోంచి నీళ్ళొచ్చేంతగా నవ్వింది.

"ఇప్పుడొచ్చావమ్మా దారికి," అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. మేడం అనలేదు. "పట్టు, ఆ కొస పట్టుకో. ఇంకా రెండు బార్లున్నాయి."